కొంగ వాటా

మదురై మీనాక్షమ్మ గుడిలో పొట్రామరై కొలను ఉంది. బంగారు తామర కోనేరు అన్నమాట. అందులో చేపలుండవంటారు. దానికి కారణం ఒక కొంగ. హాలాస్య క్షేత్ర కథల్లో వస్తుంది. పాండ్యదేశంలో ఏదో చెరువులో చేపలు తిని బతికే కొంగ అది. వానల్లేక చెరువు ఎండింది, చేపలు చచ్చాయి. కొంగ లేచి మరో తీర్థానికి పోయింది. అక్కడ మునుల మాటలు చెవినబడి మనసు మారింది. చేపను ముట్టనని ఒట్టు పెట్టుకుని మదురై చేరి, సుందరేశ్వరుణ్ణి కొలిచి ముక్తి పొందింది. పోతూ పోతూ ఒక వరం అడిగింది. ఈ కోనేట్లో చేపలు పుట్టకూడదు, రేపు నా జాతి పక్షులు వచ్చి వాటిని తిని పాపం మూటగట్టుకోకూడదు అని.

పురాణం చెప్పేవాళ్ళు ముక్తి దగ్గర గొంతు పెంచుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం కథ మొదలు. చెరువు ఎండకపోయి ఉంటే ఆ కొంగ గూడు విడిచేదే కాదు. మోక్షకథ అడుగున ఉన్నది కరువు వలస. కొంగ వదిలేసిన ఆ చెరువు తర్వాత ఏమైందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల అడుగుతున్న ప్రశ్న అదే. నదులకు అడ్డంగా ఆనకట్టలు కట్టాక ఏటా వచ్చే వరద ఆగింది. వరద మీద బతికిన ఒడ్డు మడుగులు, జమ్ము బీళ్ళు, ముంపు అడవులు ఎండాయి. వాటి కోసం జలాశయంలోంచి పనిగట్టుకుని నీళ్ళు వదలడం కొన్ని దేశాల్లో చట్టబద్ధమైన పనయింది. పంటకు కాదు, కుళాయికి కాదు, కరెంటుకు కాదు. చేపకు, కప్పకు, కొంగకు, చెట్టుకు. దానికి పర్యావరణ నీరు అని పేరు పెట్టుకున్నారు. ఈ లెక్క మదురై వైగైకీ, కోయంబత్తూరు నొయ్యల్‌కీ ఎలా సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్నది ఇక్కడి చర్చ.

ఈ రెండు నదులనే ఎంచుకోవడానికి తెలుగువాడిగా నాకో కారణం ఉంది. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన కాలం నుంచీ, కొందరు అంతకు ముందు నుంచీ, ఈ నేలలో మనవాళ్ళ ఇళ్ళున్నాయి. కమ్మవారు, బలిజలు, గవరలు, రెడ్లు, కంబళత్తు నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వీళ్ళలో చాలామంది పూర్వీకులు వచ్చింది చెరువుల దేశం నుంచి. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు 12 అంగాలు, చెడ్డ చెరువుకు 6 దోషాలు లెక్కపెట్టింది. ఆ 12లో ఒకటి, చెరువును నింపే తియ్యటి నీటి నది. కట్ట, తూము, అలుగు మనిషి కట్టుకోగలడు. నీళ్ళు రావాల్సింది నదిలోంచి. ఆరున్నర శతాబ్దాల కిందట రాయి మీద చెక్కిన ఈ మాటే మన కాలపు చెరువు మరమ్మతు పథకాలు మళ్ళీ మళ్ళీ మరచిపోతున్నాయి.

వైగై విచిత్రమైన నది. వరుసనాడు కొండల్లో పుట్టి 258 కిలోమీటర్లు నడిచి, సముద్రం దగ్గరపడుతుండగా రామనాథపురం పెద్ద కణ్మాయిలో ఆగిపోతుంది. కణ్మాయి అంటే అక్కడి మాటలో చెరువు. దారిలో రెండు ఒడ్డులా కాలువలు చీలి గొలుసుకట్టు చెరువుల్ని నింపుతాయి, ఒకదాని అలుగు పారి కిందిది నిండుతుంది. పాండ్యుల నాటి నుంచీ ఊళ్ళు నదిని చెరువుల్లోకి పంచుకుంటూ వచ్చాయి. వరద వచ్చిన కొద్ది వారాల్లోనే పట్టి దాచుకోవాలి మరి. అందుకే ఆస్ట్రేలియాలోలా నది పక్కన సహజంగా ఏర్పడ్డ వరద మైదానం ఇక్కడ వెతికితే దొరకదు. ఇక్కడి వరద మైదానం చెరువే, మనిషి చేత్తో కట్టిన వరద మైదానం. కొంగలు వందల ఏళ్ళుగా దాన్నే నమ్ముకున్నాయి.

ఈ సంగతి చట్టానికి తెలియదు. 2017 నాటి కేంద్ర చిత్తడినేలల నిబంధనలు సాగు కోసమో, తాగునీటి కోసమో మనిషి కట్టిన చెరువుల్ని చిత్తడినేలల నిర్వచనంలోంచి తప్పించాయి. చిత్తడినేలల్ని కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందానికి ఆ పట్టింపు లేదు. తిరునెల్వేలి జిల్లా కూంతన్‌కుళం, రామనాథపురం జిల్లాలో చిత్రంగుడి, కాంజిరంకుళం, 2025లో చేరిన సక్కరకోట్టై, తేర్తంగల్, ఇవన్నీ ఊరి సాగుచెరువులే, అన్నీ అంతర్జాతీయ జాబితాలో ఉన్నవే. అదే గొలుసులో పైన ఉన్న చెరువుకు మాత్రం ఏ రక్షణా లేదు. అక్కడ తూము పూడిస్తే కిందనున్న రామ్‌సర్ చెరువు ఎండుతుంది.

నీళ్ళు ఎన్ని అన్నదాని కంటే ఎప్పుడు, ఎంత లోతు, ఎన్నాళ్ళు అన్నవి ముందు తెలియాలి. ఎండిన చెరువు చచ్చిన చెరువు కాదు. మట్టిలో జమ్ము గింజలు, సూక్ష్మజీవుల గుడ్లు నెలల తరబడి నిద్రపోతాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈశాన్య ఋతుపవనం వానలకు నీరు చేరగానే అవి లేస్తాయి. వాటిని తిని చేపపిల్లలు, కప్పలు పెరుగుతాయి. నీళ్ళలో మునిగిన నల్లతుమ్మల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, కంకణాలు గూళ్ళు కడతాయి. చెట్టు కింద నీళ్ళుంటే పిల్లికీ నక్కకీ గూడు అందదు. ఆ నీళ్ళు పిల్లలు ఎగిరేదాకా, అంటే మాఘ ఫాల్గుణాల దాకా నిలవాలి. మధ్యలో ఇంకితే పెద్ద పక్షులు గూడు వదిలేసి పోతాయి. ఇది ఒక వరస. ఉల్లంకుల్లాంటి వలస పక్షులది మరో వరస. వాటికి లోతు పనికిరాదు, నీరు వెనక్కి తగ్గుతూ బురద బయటపడుతుంటే ఆ బురదలో ముక్కు పెట్టి పురుగు ఏరుకుంటాయి. అంటే చెరువు నిండాలి, నిలవాలి, నెమ్మదిగా తగ్గాలి, వేసవిలో ఎండాలి కూడా. ఈ నాలుగూ క్రమం తప్పకుండా జరగాలి.

ఈ క్రమం మదురైలో ఒక రకంగా తప్పింది, కోయంబత్తూరులో పూర్తిగా ఇంకో రకంగా తప్పింది. ఒకచోట నీళ్ళు లేక, ఇంకోచోట నీళ్ళు ఎక్కువై. రెండింటికీ ఒకే మందు రాసే నిపుణులకు కొదవ లేదు.

ముందు మదురై. 1876-78 కరువు తర్వాత, పడమటికి పారే పెరియార్ నదికి అడ్డుకట్ట వేసి, కొండకు సొరంగం తవ్వి నీళ్ళను తూర్పుకు మళ్ళించారు. కట్టింది ఇంగ్లీషు ఇంజనీరు పెన్నీక్విక్, ప్రారంభించింది 1895లో. తేని, మదురై ప్రాంతాల్లో నేటికీ ఇంటింటా ఆయన పటాలు కనిపిస్తాయి. 1959లో వైగై ఆనకట్ట వచ్చింది, పూర్తి మట్టం 71 అడుగులు, పట్టేది సుమారు 6 టీఎంసీలు. నాగార్జునసాగర్ 312 టీఎంసీలు చూసిన కళ్ళకు ఇదొక కుంట. అయినా ఆ కుంట మీదే మదురై దాహం, పెరియార్ కొత్త ఆయకట్టు, కింద మదురై, శివగంగ, రామనాథపురం జిల్లాల పాత ఆయకట్టు ఆధారపడ్డాయి. తలుపులు ఎత్తే ప్రతిసారీ ఉత్తర్వులో ఎవరికి ఎన్ని ఘనపుటడుగులో రాస్తారు. ఆ వరసలో తాగునీరు ఉంటుంది, మొదటి పంట ఉంటుంది, రెండో పంట ఉంటుంది. నది పేరు మాత్రం ఉండదు.

కానీ ఏడాదికోసారి, పొలానికీ కుళాయికీ కాక, ఒక అతిథి కోసం వైగై ఆనకట్ట తలుపులు లేస్తాయి. చిత్తిరై పండక్కి అళగర్ కొండ నుంచి కళ్ళళగర్ స్వామి బంగారు గుర్రమెక్కి దిగివచ్చి వైగైలో అడుగుపెడతాడు. లక్షల జనం. స్వామి పాదానికి నీళ్ళు తగలాలని కొన్ని రోజుల ముందే నీళ్ళు వదులుతారు. ఈ ఉత్సవం పూర్వం శోళవందాన్ దగ్గర తేనూరులో జరిగేదనీ, మీనాక్షి కల్యాణంతో కలిసొచ్చేలా దాన్ని మదురైకి తెచ్చింది తిరుమల నాయకుడనీ చెబుతారు. 1623 నుంచి 1659 దాకా ఏలిన మన తెలుగు నాయకుడు. స్వామి ఎందుకొస్తాడో తెలుసా? కప్పకు మోక్షమివ్వడానికి. దూర్వాసుడి శాపంతో కప్పయిపోయిన ముని వైగైలో కాచుకుని ఉంటాడు. మండూక మహర్షి. వండియూరు దగ్గర తేనూరు మంటపంలో ఆయనకు విముక్తి. శాపం పడ్డవాడు ఇంకే జంతువూ కాకుండా కప్పే కావడం నాకు కథకుడి నేర్పుగానే తోస్తుంది. నదిలో నీళ్ళు ఉన్నాయో లేదో కప్పకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

పర్యావరణ నీటి కళ్ళతో చూస్తే ఈ విడుదల తప్పు కాలంలో వస్తుంది. చైత్ర వైశాఖాల్లో కొంగ పిల్లలు అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి, బురదలో మేసే పక్షులు ఉత్తరానికి బయలుదేరి ఉంటాయి. నీరు కొద్ది రోజులే, అదీ ఇసుక తోడేసిన గుంతల్లో, గుర్రపుడెక్క కింద, మురుగుతో కలిసి పారుతుంది. ఒక్క చెరువు కాలువలోకీ ఎక్కదు. అయినా నేను దీన్ని తీసిపారేయను. కారణం, లెక్కల్లో లేని వాడి కోసం నీళ్ళు వదలడం సాధ్యమేనని మూడున్నర శతాబ్దాలకు పైగా జరుగుతున్న ఈ పండగే రుజువు. రైతులు దీనికి అడ్డుపడరు. అధికారులు ఆ రోజుకు నీళ్ళు అట్టేపెడతారు. స్వామికి ఉన్న హక్కు కాగితం మీద హక్కు కంటే గట్టిది.

అదే తిరుమల నాయకుడు 1645 ప్రాంతంలో తవ్వించింది వండియూరు మారియమ్మన్ తెప్పకుళం. సుమారు 1,000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు. తన మహలుకు ఇటుకల కోసం మట్టి తీసిన గుంతనే కోనేరుగా కట్టించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. వైగై నీళ్ళు పనైయూరు కాలువ నుంచి వచ్చేవి. కాలువ పూడి, ఆక్రమణల పాలై, తెప్పకుళం దశాబ్దాల పాటు పిల్లలు క్రికెట్టాడే మైదానమైంది. తై మాసంలో (జనవరి-ఫిబ్రవరి) తెప్పోత్సవానికి మాత్రం బోర్ల నీళ్ళు పోసేవారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ కాలువను బాగుచేశాక నది నీరు మళ్ళీ చేరింది, నిలిచింది, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం పెరిగింది. దారి తెరిచారంతే. వైగై గొలుసుకట్టు అంతటికీ పాఠం ఇదే, అయితే ఇది గుడి కోనేరు కాబట్టి జరిగింది.

గుడి లేని చెరువుల గతి వేరు. తమిళనాడులో 2017లో కుడిమరామత్తు పథకాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. ఊరివాళ్ళే కలిసి చెరువు బాగుచేసుకునే పాత ఆనవాయితీ పేరది, 1858లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని చట్టంగా కూడా చేశారు. మన మిషన్ కాకతీయ 46,531 చెరువుల లెక్కతో మొదలైనప్పుడు జరిగినట్టే ఇక్కడా యంత్రాలు ముందు చెరువు కడుపులోకి దిగాయి. పూడిక తియ్యడం కళ్ళకు కనిపించే పని, బిల్లుకు అనువైన పని. మట్టికి గిరాకీ కూడా ఉంది. కాలువ తవ్వాలంటే ఎవరి ఇల్లో అడ్డొస్తుంది. పైగా యంత్రం చెరువును పళ్ళెంలా ఒకే లోతు చేసేస్తే, అంచుల్లో చీలమండ లోతు నీళ్ళలో మేసే పక్షికి చోటు పోతుంది. మదురైలోనే ఉన్న ధాన్ ఫౌండేషన్ 1990ల నుంచి ఆయకట్టు రైతుల సంఘాలతో చేసిన పని ఇంతకంటే మెరుగు, ఎందుకంటే వాళ్ళు ఒక్క చెరువును కాక గొలుసు మొత్తాన్ని పట్టుకున్నారు. నీర్కట్టిలతో మాట్లాడారు. మన నీరుగంటి, నీరటికాడు లాంటి మనిషి ఆయన. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ముందో తెలిసినవాడు, ఎక్కువగా దళితుడు. ఊరికి జీతం ఇవ్వడం బరువైన రోజున ఆయనతోపాటు ఆ తెలివీ పోయింది.

ఆక్రమణల మాట వస్తే మదురైలో ఒక విడ్డూరం చెప్పుకోవాలి. చెరువుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మను పెరికెయ్యమని 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఉత్తర్వులిచ్చింది. 2004లో ఆ ధర్మాసనం కొలువైన భవనం నిలిచింది ఉలగనేరి కణ్మాయి నేల మీద. సర్కారు తుమ్మ సంగతి కూడా తేలిక కాదు. వంటచెరకు కోసం ఒకప్పుడు సర్కారే చల్లించిన చెట్టు, మన భాషలో పేరు భలే కుదిరింది. నీరు తాగేస్తుంది, కాలువను మూసేస్తుంది. అయితే నల్లతుమ్మలు కొట్టేసిన చెరువుల్లో కొంగలు దీని మీదే గూళ్ళు కడుతున్నాయి. కాలువలో ఉన్నదాన్ని పెరికి, గూళ్ళున్నదాన్ని నల్లతుమ్మ ఎదిగేదాకా ఉంచడం తెలివైన పని. కోర్టు ఉత్తర్వుకు, జేసీబీకి అంత ఓపిక ఉండదు.

నది పుట్టుక దగ్గర ఒక మంచి జరిగింది. 2021 ఫిబ్రవరిలో శ్రీవిల్లిపుత్తూరు-మేగమలై పులుల అభయారణ్యం ఏర్పడి వైగై పైభాగం అడవికి రక్షణ దొరికింది. మేలూరు దగ్గర అరిట్టాపట్టి 2022లో తమిళనాడుకు మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. 193 హెక్టార్లు, 72 చెరువులు, 200 ఊటలు, సుమారు 250 రకాల పక్షులు. రెండేళ్ళకే అక్కడ టంగ్‌స్టన్ గనికి వేలం వేశారు. ఊళ్ళు రోడ్డెక్కాక 2025 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అరిట్టాపట్టి నీళ్ళు కొండ మీదివి, ఆనకట్ట తాళం చెవి అక్కర్లేనివి. అది మదురై అదృష్టం.

ఇక కోయంబత్తూరు. నొయ్యల్ వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి సుమారు 180 కిలోమీటర్లు పారి కరూరు జిల్లాలో కావేరిలో కలుస్తుంది. కొండ మీద రెండు ఋతుపవనాలూ కురుస్తాయి, కింద ఊరు వాన నీడలో ఉంటుంది. అందుకే చిత్తిరైచావడి మొదలుకొని 23 ఆనకట్టలు, 30కి పైగా చెరువుల గొలుసు. నరసాంపతి, కృష్ణాంపతి, సెల్వంపతి, ముత్తన్నన్ కుళం, ఉక్కడం పెరియకుళం, వాలాంకుళం, కురిచ్చి, సింగనల్లూరు, వెళ్ళలూరు, సూలూరు. ఈ పేర్లు వరసగా చదివితే నది పాత బాట తెలుస్తుంది.

ఈ గొలుసు తెగడంలో మనవాళ్ళ చెయ్యి ఉంది, అది దాచనక్కర్లేదు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు వచ్చింది. సూలూరు పక్క కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు, ఆయనతో కలిసి డి. బాలసుందరం నాయుడు 1937లో దేశంలోనే తొలి కరెంటు మోటారు తయారుచేశారు. నల్లరేగడిలో పత్తి, పత్తికి మిల్లు, మిల్లుకు మోటారు, మోటారుకు బావి. కొద్ది కాలానికే దేశమంతా కోయంబత్తూరు పంపు కొన్నది, మన రాయలసీమ బావుల మీద కూడా అదే. బావిలో మోటారు దిగిన రైతుకు చెరువు తూముతో పనిలేకపోయింది. పనిలేని చెరువు కాలువ మీద ఎవరూ కాపలా ఉండరు. ఊరు పెరిగి మురుగు ఎటు పోవాలో తెలియనప్పుడు ఖాళీగా పడున్న వానకాలువ కనిపించింది.

అలా కోయంబత్తూరు చెరువులు ఏడాదంతా నిండుగా ఉండే చెరువులయ్యాయి. నీళ్ళు ఊరి మురుగు. వేసవిలో కూడా ఎండవు. గుర్రపుడెక్క తివాచీ పరుస్తుంది. కొర్రమీను బదులు తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. చూడ్డానికి పక్షులకు లోటుండదు. గూడబాతులు, నీటికాకులు, బొల్లికోళ్ళు గుంపులుగా కనిపిస్తాయి, తిలాపియా వాటికి పండగే. పక్షులున్నాయి కదా చెరువు బాగుంది అనుకోవడం ఇక్కడ తప్పు. బురద అంచు లేక ఉల్లంకులు తగ్గిన సంగతి లెక్కపెట్టేవాళ్ళకే కనిపిస్తుంది. సింగనల్లూరు చెరువును 2017లో నగరపాలక సంస్థ నగర జీవవైవిధ్య సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. పరిశోధకులు, విద్యార్థులు అక్కడ వందల జాతుల మొక్కల్ని, పురుగుల్ని, పక్షుల్ని నమోదు చేశారు. కోయంబత్తూరు పక్కనే ఆనైకట్టిలో 1990 నుంచి సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం ఉండటం ఈ ఊరికి కలిసొచ్చింది. అయినా ఆ చెరువులోకి దిగే నీరు మారలేదు.

ఇలాంటి చెరువుకు కొత్తగా నీళ్ళు వదలడం వైద్యం కాదు. ముందు మురుగు కాలువను తప్పించి శుద్ధి చెయ్యాలి, ఆ తర్వాత నొయ్యల్ వరద నీటిని పాత కాలువలోంచి రానివ్వాలి, వేసవిలో ఎండనివ్వాలి. ఈ మూడోది చెబితే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. చెరువు ఎప్పుడూ నిండుగా, ఒడ్డున దీపాలతో మెరవాలని స్మార్ట్ సిటీ లెక్క. ఉక్కడం, వాలాంకుళం ఒడ్డుల్ని కాంక్రీటు నడకదారులుగా మార్చారు. కట్టల మీద గుడిసెలు వేసుకున్న పేదల్ని ఊరి బయట ఇళ్ళకు పంపారు. సాయంత్రం పూట జనం సంతోషంగా నడుస్తున్నారు, కాదనను. కాంక్రీటు గోడకు ఆనుకున్న లోతు నీళ్ళలో కాలు పెట్టుకోవడానికి కొంగకు చోటు లేదు, అంతే.

వెళ్ళలూరు మాత్రం నాకు నచ్చింది. కోవై కుళంగళ్ పాదుకాప్పు అమైప్పు అనే స్వచ్ఛంద బృందం, ఏళ్ళ తరబడి ఎండిన ఆ చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువను ఆదివారాల్లో చేతుల్తో శుభ్రం చేసింది. 2017లో నొయ్యల్ వరద చెరువులోకి వచ్చింది. ఒడ్డున అడవి నాటారు, సీతాకోకచిలుకలు చేరాయి. కోయంబత్తూరులో 2003 నుంచీ సిరుతుళి సంస్థ చేసిన పూడికతీత పెద్ద ఎత్తు పని, 2013లో పెరియకుళంలో వేలమంది దిగారు. పరిమాణం చూస్తే వెళ్ళలూరు చిన్నది. అయినా నది నీటి దారిని ముందు తెరిచింది వాళ్ళు.

నొయ్యల్ కింద భాగం ఒక హెచ్చరిక. తిరుప్పూరు రంగుల నీరు 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయంలో చేరి, సాగుకు కట్టిన డ్యాము విషపు తొట్టి అయింది. రైతులు తమకు ఆ నీళ్ళు వద్దని కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లన్నిటినీ మూయించింది. నీళ్ళు వదలడమే మేలు అనుకునేవాళ్ళు ఒరత్తుపాళయం ఒకసారి చూసి రావాలి. అదే తిరుప్పూరు పక్కన, నల్లారు వాగు మీది నంజరాయన్ చెరువు 2022లో పక్షుల అభయారణ్యమైంది, 2024 ఆగస్టులో రామ్‌సర్ జాబితాకెక్కింది. 125 హెక్టార్లు. హిమాలయాలు దాటి వచ్చే చారలతల బాతులు అక్కడ దిగుతాయి. అద్దకాల ఊరి అంచున ఆ బాతుల పేరు వినడం వింతగా ఉంటుంది, కానీ నిజం.

మురుగు కాక మంచినీరు చెరువులకు పట్టుకొచ్చిన పెద్ద ప్రయత్నం అత్తికడవు-అవినాశి పథకం. అరవై ఏళ్ళ కోరిక, 2024 ఆగస్టు 17న తీరింది. 1,916 కోట్ల రూపాయలు, 1,065 కిలోమీటర్ల పైపులు. భవాని నదిలో కళింగరాయన్ ఆనకట్ట కింద మిగిలే 1.5 టీఎంసీల వరద నీటిని ఎత్తి ఈరోడ్, తిరుప్పూరు, కోయంబత్తూరు జిల్లాల్లో 1,045 చెరువులు, కుంటలు నింపడం. లెక్క వేస్తే ఒక్కోదానికి సగటున 14 లక్షల ఘనపుటడుగులు. పంపులే చెరువుల్ని మరిపించిన నేల మీద ఇప్పుడు చెరువుల్ని నింపుతున్నవీ పంపులే. ఉద్దేశం భూగర్భ జలం, పక్షి కాదు. అయినా పైపు చివర ఉన్న మీట ఏ నెలలో తిప్పుతారన్నదాన్ని బట్టి అదే నీరు పక్షిదీ కావచ్చు. కార్తీకంలో నింపి మాఘం దాకా నిలిపితే ఖర్చు పైసా ఎక్కువ కాదు.

బయటి దేశాల్లో ఏం చేశారో చూస్తే ఆశతోపాటు జాగ్రత్తా వస్తుంది. ఆస్ట్రేలియా 2007లో చట్టం చేసి, ముర్రే-డార్లింగ్ నదుల్లో ఇష్టపడ్డ రైతుల నుంచి నీటి హక్కులు డబ్బిచ్చి కొని, వాటిని నది తరఫున పట్టుకునే అధికారిని నియమించింది. 2012 ప్రణాళిక నదికి తిరిగి ఇమ్మన్నది సుమారు 97 టీఎంసీలు, మన లెక్కలో పదహారు వైగై ఆనకట్టలు. 2010లో ముసాయిదా వచ్చినప్పుడు గ్రిఫిత్ ఊళ్ళో రైతులు దాని ప్రతుల్ని తగలబెట్టారు. హట్టా సరస్సులకు పంపులు పెట్టి నీళ్ళు ఎక్కిస్తే ఎండిన ఎర్రగమ్ చెట్లు చిగిర్చాయి. మరోవైపు, ఏళ్ళ తరబడి రాలిన ఆకుల మీదుగా 2010-11లో వరద పారి నీరు నల్లబడి ఆక్సిజన్ లేక చేపలు చచ్చాయి. దక్షిణాఫ్రికా 1998 చట్టం ఇంకా సూటిగా, మనిషి కనీస అవసరానికీ నది బతుక్కీ కావలసింది ముందు పక్కన పెట్టి మిగిలినదే పంచమంటుంది. మన దగ్గర భరత్‌పూర్ కేవలదేవ్ ఉద్యానానికి ఏటా కావలసింది 55 కోట్ల ఘనపుటడుగులు. 2004లో పాంచనా డ్యాము రైతులు వదలనివ్వలేదు, పక్షులు రాలేదు, చివరికి గోవర్ధన్ డ్రెయిను నుంచీ చంబల్ నుంచీ తెచ్చుకోవాల్సి వచ్చింది. కొల్లేరు కథ మన పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ తగాదా గట్ల మీద మొదలై నీటి మీదికి వచ్చింది.

నీటి హక్కు కొనే పద్ధతి వైగైలో నడవదు. ఇక్కడ రైతుకు అమ్ముకోడానికి కాగితం హక్కు లేదు, ఉన్నది పరంపర వాటా. రామనాథపురం రైతును వెళ్ళి కొంగకు నీళ్ళిస్తావా అంటే తిడతాడు, తిట్టాలి కూడా. అడగాల్సింది వేరు. ఆయన చెరువు నిండితే కొంగకు ఆయనతో తగాదా లేదు. తూము గడప కంటే దిగువన మిగిలే నీళ్ళు ఏనాడూ పొలానికి ఎక్కేవి కావు, పశువులూ పక్షులూ తాగేవి. డీజిల్ ఇంజను పెట్టి వాటినీ తోడెయ్యడం ఇటీవలి అలవాటు. చేపల వేలం పాడుకున్నవాడు తొందరగా చెరువు ఖాళీ కావాలనుకుంటాడు, కొంగల్ని టపాకాయలతో తోలతాడు. వేలం షరతుల్లో ఆ అడుగు నీళ్ళ గీత రాస్తే సగం తగాదా పోతుంది. మిగతా సగం ఆనకట్ట తలుపుల దగ్గర ఉంది. పాత ఆయకట్టు వాటా వదిలేటప్పుడు ముందు గొలుసు చివరి చెరువు నింపి పైకి రావడం, అది కూడా కార్తీకంలోగా.

శివగంగ జిల్లాలో వేట్టంగుడిపట్టి, కొల్లుకుడిపట్టి అని రెండు ఊళ్ళున్నాయి. వేట్టంగుడి పక్షుల అభయారణ్యం వాటిదే. గూళ్ళలో పిల్లలు బెదురుతాయని ఆ ఊళ్ళవాళ్ళు దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చరు. ఊరి పిల్లలకు మిఠాయిలు పెడతారు. వానలు పడి చెరువులు నిండిన ఏడు చెట్లన్నీ తెల్లబడతాయి. చెరువులు నిండని ఏడు కొంగలు పైన ఒక చుట్టు తిరిగి, దిగకుండా పోతాయి.